బడి విమానమా, సొంత పాత విమానమా: సీమ నుంచి ఎగరడం నేర్చుకోవాలనుకునేవారికి

కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి ఎగరడం నేర్చుకోవాలని బయల్దేరేవారికి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, శిక్షణ సంస్థలో చేరి వాళ్ల విమానంలో నేర్చుకోవడం. రెండోది, 1960, 70ల నాటి చిన్న విమానాన్ని సొంతంగానో నలుగురు కలిసో కొని, ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టుకుని అందులో నేర్చుకోవడం. అమెరికాలో ఉన్న అన్నో బావో ‘ఇక్కడ కారు ధరకే విమానం వస్తుంది, వచ్చి నేర్చుకో’ అన్నప్పుడు ఈ రెండో మాట ఇంట్లో చర్చకు వస్తుంది. ఆ మాటలో నిజం ఉంది. కాని విమానం ధర ఈ లెక్కలో చిన్న భాగమే. ఏ దేశంలో, ఏ లైసెన్సు కోసం అన్నది ముందు తేలాలి. తరువాత విమానం కాగితాలు, ఆపైన ఇంజిన్. రంగూ సీట్లూ ఆఖరు.

మన దేశంలో అయితే

ఇక్కడ సున్నా నుంచి మొదలుపెట్టేవారికి సొంత విమానం దారి కాదు. స్టూడెంట్ పైలట్ లైసెన్సు డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి ఉన్న శిక్షణ సంస్థ ద్వారానే వస్తుంది, సోలో (ఒక్కరే ఎగరడం) కూడా ఆ సంస్థ ఇన్‌స్ట్రక్టర్ అనుమతితోనే. ప్రైవేటు కేటగిరీలో నమోదైన విమానాన్ని డబ్బు తీసుకుని ఎవరికీ ఇవ్వకూడదు. కాబట్టి ‘మా స్నేహితుడి విమానం ఉంది, గంటకింత ఇచ్చి నేర్చుకుంటా’ అన్నది చెల్లదు. మీకు ఎవరైనా అలా ఆశ చూపితే డబ్బు కట్టకండి. ఆ గంటలు లైసెన్సుకు పనికిరాకుండా పోతాయి, ప్రమాదం జరిగితే బీమా కూడా రాదు.

స్టూడెంట్ లైసెన్సుకు 16 ఏళ్లు, పదో తరగతి చాలు. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు, 40 గంటలు, అందులో 20 గంటలు సోలో, ఒక్కరే చేసే దూరప్రయాణంలో 150 నాటికల్ మైళ్లు. కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు, ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, మొత్తం 200 గంటలు. ప్రైవేట్‌కు క్లాస్ 2 వైద్య పరీక్ష, కమర్షియల్‌కు క్లాస్ 1. ఈ వైద్య పరీక్ష ఫీజు కట్టకముందే చేయించుకోవాలి. కళ్లలో రంగుల గుర్తింపు లోపం ఉందని సగం ఫీజు కట్టాక తెలియడం కన్నా బాధ లేదు.

ఎయిర్‌లైన్ ఉద్యోగమే లక్ష్యమైతే పోలిక ఇక్కడితో ఆగిపోతుంది: శిక్షణ సంస్థకే వెళ్లండి. 200 గంటల కోర్సుకు అర కోటి రూపాయల చుట్టూ అవుతుంది. 2022లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ శిక్షణ సంస్థలకు కేటాయించిన విమానాశ్రయాల్లో కడప కూడా ఉంది. అనంతపురం వాళ్లకు బెంగళూరు జక్కూరులోని ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూల్ పాత పేరు, 1949 నాటిది. సంస్థను ఎంచుకునేటప్పుడు ఎన్ని విమానాలు ఉన్నాయని అడగకండి; ఈ రోజు ఎగురుతున్నవి ఎన్ని, ఒక్కో విమానానికి ఎంతమంది విద్యార్థులు, గత బ్యాచ్‌కు 200 గంటలు ఎన్ని నెలల్లో పూర్తయ్యాయి అని అడగండి. హ్యాంగర్‌లో పదుంటే ఎగిరేవి నాలుగే ఉండొచ్చు.

ఇంధనం గురించి కూడా అడగాలి. పాత పిస్టన్ ఇంజిన్లు ఏవీగ్యాస్ 100ఎల్‌ఎల్ (సీసం కలిపిన విమాన పెట్రోలు) తాగుతాయి. 2022 వరకు అది దిగుమతే; ఆ ఏడాది సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ వడోదర దగ్గర తయారీ మొదలుపెట్టింది. అయినా ప్రతి విమానాశ్రయంలో దొరికే సరుకు కాదు. అందుకే డైమండ్ డీఏ40 ఎన్‌జీ లాంటి డీజిల్ ఇంజిన్ విమానాలు శిక్షణలోకి వచ్చాయి. పెద్ద జెట్‌లు తాగే ఇంధనమే వాటికీ సరిపోతుంది. ఏవీగ్యాస్‌తో నడిచే సెస్నాలు (అమెరికా తయారీ చిన్న విమానాలు) ఉన్న సంస్థ అయితే నిల్వ ఎక్కడ, డ్రమ్ముల్లో వస్తుందా, ఎన్ని రోజులకు సరిపడా ఉంచుతారు అన్నది తెలుసుకోండి. ఇంధనం లేక ఆగిపోయిన వారాలు కూడా మీ హాస్టల్ బిల్లులో కలుస్తాయి.

ప్రైవేట్ లైసెన్సు వచ్చిన తరువాత మన దేశంలో పాత విమానంలో వాటా తీసుకోవడం వేరే సంగతి, అది సాధ్యమే. కాని పాతదాన్ని బయటి నుంచి తెప్పించుకోవాలంటే వయసు, చరిత్ర, లాగ్‌బుక్‌లు (ఎగిరిన గంటలు, మరమ్మతుల రికార్డు) అన్నీ డీజీసీఏ పరిశీలనకు వస్తాయి. ఇక్కడే నమోదై ఉన్న, నిర్వహణ సంస్థతో ఒప్పందం నడుస్తున్న విమానంలో వాటా కొనడమే తక్కువ తలనొప్పి. దాన్ని ఎక్కడ నిలపాలన్నదీ ముందే తేల్చుకోండి. ఓర్వకల్లు (కర్నూలు విమానాశ్రయం), కడపల్లో షెడ్యూల్డ్ సర్వీసులు నడుస్తాయి. పుట్టపర్తిది ప్రైవేటు విమానాశ్రయం, ముందస్తు అనుమతి లేకుండా దిగడం కుదరదు.

అమెరికాలో అయితే

అక్కడ సొంత విమానంలో సున్నా నుంచి నేర్చుకోవడానికి చట్టం అడ్డురాదు. ప్రైవేట్ లైసెన్సుకు కనీసం 40 గంటలే, అందులో కనీసం 20 ఇన్‌స్ట్రక్టర్‌తో, 10 సోలో. వారాంతాల్లో మాత్రమే ఎగిరేవారికి అరవై, డెబ్బై పడుతుందని లెక్క వేసుకోవడం మేలు.

సొంత విమానానికి ఒక మంచి లాభం ఉంది. ఇన్‌స్ట్రక్టరే విమానాన్ని సమకూర్చి డబ్బు తీసుకుంటే ప్రతి 100 గంటలకూ తనిఖీ తప్పనిసరి. విమానం మీదే అయి, ఆయన బోధనకు మాత్రమే డబ్బు తీసుకుంటే ఏడాదికొక తనిఖీ చాలు. చట్టానికి చాలు, అంతే. ప్రతి 50 గంటలకు (నూనె ఫిల్టర్ లేని పాత ఇంజిన్‌కు 25 గంటలకు) నూనె మార్చడం, ఫిల్టర్ కోసి లోపల లోహపు రజను చూడడం మీరే పెట్టుకోవాల్సిన నియమం.

మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది నమోదు దగ్గర. అమెరికా రిజిస్ట్రేషన్ ఆ దేశ పౌరుడికో గ్రీన్‌కార్డు ఉన్నవారికో ఇస్తారు. నలుగురు స్నేహితులు కలిసి కొంటే, నలుగురికీ ఆ అర్హత ఉండాలి. ఒక్కరు హెచ్-1బీ మీద ఉన్నా నేరుగా సహయజమానిగా పేరు ఎక్కదు; ట్రస్టు ద్వారా పోవాలి, దానికి ఏటా ఫీజు. అలాగే పౌరులు కానివారు, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, మొదటి పాఠానికి ముందు అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ అనుమతి తీసుకోవాలి. సందర్శక వీసా మీద వెళ్లి రెండు నెలల్లో లైసెన్సు తెచ్చుకుందామన్న ఆలోచన మానుకోండి. ఆ వీసా శిక్షణకు కాదు.

అక్కడ ఎగిరిన గంటలను ఇక్కడి లైసెన్సుకు కలుపుకోవాలంటే అమెరికా అధికారుల నుంచి లైసెన్సు ధ్రువీకరణ రావాలి, డీజీసీఏ పరీక్షలూ వైద్య పరీక్షా పూర్తి చేయాలి. లాగ్‌బుక్‌లో ప్రతి గంటా ఎవరితో, ఏ విమానం నంబరు మీద, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది మొదటి రోజు నుంచే శుభ్రంగా రాయండి. కమర్షియల్ ఆశ ఉంటే ఇంకొక చిక్కు: రాత్రి గంటలు, ఇన్‌స్ట్రుమెంట్ గంటలు (బయటికి చూడకుండా మీటర్ల మీదే ఎగిరేవి) కూడా కావాలి. లైట్లు సరిగా లేని, దిశ, వంపు చూపే మీటర్లను నడిపే వాక్యూమ్ పంపు అలసిపోయిన చౌక సెస్నా 150 ఆ గంటలు ఇవ్వలేదు.

డబ్బు లెక్క

ఎగిరినా ఎగరకపోయినా అయ్యే ఖర్చును, ఎగిరిన గంటకు అయ్యే ఖర్చునూ విడదీయాలి. అర్థం కావడానికి ఊహించిన అంకెలు తీసుకుందాం, మీ ఊరి ధరలతో మార్చుకోండి. విమానాన్ని నిలిపేందుకు ఏడాదికి 1,200 డాలర్లు, బీమా 1,500, వార్షిక తనిఖీ 2,000, మొత్తం 4,700. గంటకు ఆరు గాలన్ల ఇంధనం 36, నూనె 2, ఇంజిన్ నిధి (రేపటి ఓవర్‌హాల్ కోసం పక్కన పెట్టేది) 17, చిల్లర మరమ్మతులు 15, మొత్తం 70. ఏడాదికి 40 గంటలే ఎగిరితే గంట దాదాపు 187 డాలర్లు పడుతుంది. 100 గంటలు ఎగిరితే 117. అదే తరహా విమానం అద్దెకు 150కి దొరుకుతుంటే, 59 గంటలు దాటితేనే సొంతం లాభం. ఒక్క లైసెన్సు తెచ్చుకుని అమ్మేద్దామనుకునేవారికి అద్దె విమానమే సరి. లైసెన్సు తరువాత కూడా ఏళ్లపాటు ఎగిరేవారికి, లేదా ముగ్గురు నలుగురు కలిసి కొనేవారికి సొంతం నిలుస్తుంది.

ఇంజిన్ నిధిని మాత్రం ఎవరూ వదలకండి. ఓవర్‌హాల్ (ఇంజిన్‌ను పూర్తిగా విప్పి బాగుచేసి మళ్లీ బిగించడం) ఖర్చు విమానం కొన్న ధరలో సగం దాటడం పాత వాటిలో మామూలే. ‘ఓవర్‌హాల్‌కు ఇంకా 900 గంటలు మిగిలున్నాయి’ అని అమ్మేవారు చెబుతారు. ఇంజిన్ తయారీ సంస్థలు లైకమింగ్, కాంటినెంటల్ రెండూ గంటలతోపాటు 12 ఏళ్ల గడువు కూడా సూచిస్తాయి. 1998లో ఓవర్‌హాల్ అయి 500 గంటలే తిరిగిన ఇంజిన్‌ను కొత్తదాని కింద కట్టి ధర చెల్లించకూడదు.

పాత ట్రాక్టరు కొనేటప్పుడు గంటల మీటరు తక్కువ ఉంటే సంతోషిస్తాం. విమానానికి ఈ కొలత పనికిరాదు. లైకమింగ్ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లను తెరిచే ఇరుసు) పైభాగాన ఉంటుంది. నెలల తరబడి నిలబెడితే దాని మీది నూనె కిందికి జారిపోతుంది, తేమకు తుప్పు పడుతుంది, తరువాత ఎగిరినప్పుడు ఆ తుప్పు చుక్కల దగ్గర లోహం పెచ్చులూడుతుంది. ఏడాదికి 80 గంటలు ఎగిరిన 1,500 గంటల ఇంజిన్, ఐదేళ్లుగా నిలబడిన 400 గంటల ఇంజిన్ కన్నా నమ్మదగ్గది.

ఏ విమానం

సెస్నా 150, 1958 నుంచి 1977 వరకు తయారైంది. కాంటినెంటల్ ఓ-200 ఇంజిన్, 100 హార్స్‌పవర్. అన్నింటిలో చౌక, గంటకు ఆరు గాలన్ల లోపే తాగుతుంది. ఆ ఇంజిన్ తక్కువ ఆక్టేన్ ఇంధనానికి రూపొందింది కాబట్టి 100ఎల్‌ఎల్‌లోని సీసం స్పార్క్ ప్లగ్‌ల మీద పేరుకుంటుంది. నేల మీద నడిపేటప్పుడు మిక్స్చర్ (గాలిలో కలిసే ఇంధనం పాలు) పలుచన చేయడం అలవాటు చేసుకోకపోతే రన్‌వే మొదట్లో మాగ్నెటో (స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే భాగం) పరీక్షలో ఇంజిన్ దడదడలాడుతుంది. తేమ రోజుల్లో కార్బ్యురేటర్‌లో మంచు పట్టే గుణం కూడా దీనికి ఎక్కువ. బయట 25 డిగ్రీలున్నా పడుతుంది. శక్తి తగ్గించే ముందు కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లోకి వేడిగాలి పంపే మీట) లాగడం మొదటి పాఠంలోనే వేళ్లకు రావాలి.

సెస్నా 152, 1977 నుంచి 1985 వరకు. లైకమింగ్ ఓ-235, 110 హార్స్‌పవర్, ఫ్లాప్స్ (దిగేటప్పుడు కిందికి వంచే రెక్క వెనక భాగాలు) 30 డిగ్రీల దగ్గర ఆగుతాయి. 150 ధర, 152 ధర దగ్గరగా ఉంటే మా ఓటు 152కే.

ఈ రెండింటిలో అసలు ఇబ్బంది బరువు. 152 గరిష్ఠ బరువు 1,670 పౌండ్లు. ఖాళీ విమానం 1,140 ఉందనుకుంటే మిగిలేది 530, అంటే 240 కిలోలు. ట్యాంకు నిండా ఇంధనం 24.5 గాలన్లు, 67 కిలోలు. ఇద్దరు మనుషులకూ సంచీకీ మిగిలేది 173 కిలోలు. మీరు 88, ఇన్‌స్ట్రక్టర్ 92 అయితే అప్పుడే గీత దాటారు. ఇంధనం తగ్గించి ఎగరవచ్చు, కాని కొలిచి తగ్గించాలి. పాత సెస్నాల ఇంధన మీటర్లను నమ్మకండి. గుర్తులు పెట్టిన కొలకర్ర ట్యాంకులో ముంచి చూడాలి.

సెస్నా 172 నాలుగు సీట్లది, 1956 నుంచి వస్తోంది. పాతవాటిలో ఆరు సిలిండర్ల కాంటినెంటల్, 1968 నుంచి 150 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320. 1977-80 మధ్య వచ్చిన 172ఎన్‌లోని ఓ-320-హెచ్2ఏడీ ఇంజిన్‌కు క్యామ్, ట్యాపెట్‌ల అరుగుదల చెడ్డపేరు తెచ్చింది. రెండు మాగ్నెటోలూ ఒకే పెట్టెలో, ఒకే డ్రైవ్ మీద ఉండడం దానిలో మరొక లోపం. బాగా ఎగురుతున్నది, ఫిల్టర్లు శుభ్రంగా ఉన్నది అయితే తీసుకోవచ్చు; నిలబడి ఉన్న హెచ్2ఏడీని మాత్రం వదిలేయండి. 1970ల మొదట్లోని 150 హార్స్‌పవర్ 172లే నేర్చుకోవడానికి మా మొదటి ఎంపిక. గంటకు రెండు గాలన్లు ఎక్కువ తాగుతుంది. కాని ఇన్‌స్ట్రక్టర్‌తో నిండు ట్యాంకుతో మధ్యాహ్నం కూడా లెక్కలో నిలుస్తుంది, లైసెన్సు తరువాత ఇంట్లోవారినీ ఎక్కించుకోవచ్చు.

పైపర్ చెరోకీ 140, 1964 నుంచి 1977 వరకు. రెక్క కింద ఉంటుంది, 150 హార్స్‌పవర్. ల్యాండింగ్‌లో నిలకడైనది, ట్యాంకులు నిచ్చెన లేకుండా చూడవచ్చు. తలుపు ఒక్కటే, కుడివైపు. మన ఎండలో పై నుంచి నీడ లేని ఈ క్యాబిన్ టాక్సీ చేసేటప్పుడే (నేల మీద నడిపేటప్పుడే) ఉడికిపోతుంది. సెస్నాలో రెక్క నీడ ఉంటుంది, కిటికీ తెరవొచ్చు. ఇంధనం ఎడమ, కుడి ట్యాంకుల్లో ఒకదాని నుంచే వస్తుంది, రెండూ కలిపే స్థానం లేదు. అరగంటకోసారి మార్చడం మరిచి, ఒక ట్యాంకు నిండుగా ఉండగానే ఇంజిన్ ఆగిన ప్రమాదాలు చాలా ఉన్నాయి. మొదటి ఏళ్ల చెరోకీల్లో కుడివైపు పెడల్ బ్రేకులు ఉండవు, మధ్యలో చేతి లివరే. ఇన్‌స్ట్రక్టర్ దానికి ఒప్పుకుంటారో లేదో కొనకముందే అడగండి. 2018లో ఫ్లారిడాలో ఈ కుటుంబానికే చెందిన శిక్షణ విమానం రెక్క గాలిలో ఊడిపోయిన తరువాత, 2021 నుంచి కొన్ని మోడళ్లకు రెక్క స్పార్ (రెక్కను మోసే లోపలి దూలం) బోల్టు రంధ్రాలను ఎడ్డీ కరెంట్‌తో, అంటే పగుళ్లు పట్టే విద్యుత్ పద్ధతితో, పరీక్షించాలన్న ఆదేశం వచ్చింది. చూస్తున్నది ఏ పీఏ-28 (చెరోకీ కుటుంబం మోడల్ పేరు) అయినా ఆ ఆదేశం దానికి వర్తిస్తుందా, పరీక్ష జరిగిందా అన్నది లాగ్‌బుక్‌లో వెతకండి.

వేడి అన్నది విడిగా చూడాలి

కడపలో మే నెల, డాలస్‌లో ఆగస్టు, విమానానికి పెద్ద తేడా లేదు. అనంతపురం ఎత్తు సుమారు 1,150 అడుగులు. మధ్యాహ్నం 42 డిగ్రీలున్నప్పుడు లెక్క ఇలా వేయాలి. ఆ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత దాదాపు 13 డిగ్రీలు, తేడా 29. డిగ్రీకి 120 అడుగుల చొప్పున దాదాపు 3,500. దానికి ఊరి ఎత్తు కలిపితే, విమానం 4,600 అడుగుల ఎత్తులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. 152 కొత్తగా ఉన్నప్పుడు సముద్రమట్టంలో నిమిషానికి 715 అడుగులు ఎక్కేది, ఇక్కడ 520 దాకా దిగుతుంది. నలభై ఏళ్ల ఇంజిన్, నిండు బరువు కలిస్తే ఇంకా తక్కువ. పొద్దున ఆరింటికి 27 డిగ్రీలప్పుడు అదే లెక్క 2,900 దగ్గర ఆగుతుంది. చిన్న విమానంతో వేసవి పాఠాలు తొమ్మిదిలోపే ముగించాలనడానికి కారణం ఇదే. 2,000 మీటర్ల రన్‌వే ఉన్న ఓర్వకల్లు లాంటి చోట పరుగుకు కొరత రాదు, ఎక్కడం దగ్గరే కొరత.

గాలి కూడా. నైరుతి కాలంలో సీమ గుట్టల మీద గాలిమరలు ఎందుకు పెట్టారో తెలిసిందే. రన్‌వే 290 డిగ్రీల ముఖంగా ఉండి, గాలి 250 నుంచి 20 నాట్ల (ఒక నాట్ గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) వేగంతో వీస్తే అడ్డుగాలి దాదాపు 13 నాట్లు. 152కు తయారీదారు చూపించిన అడ్డుగాలి 12, 172కు 15. విద్యార్థి సోలోకు ఏడెనిమిది దగ్గరే గీత గీయడం మంచిది. దుమ్ములో టాక్సీ చేసేటప్పుడు కార్బ్ హీట్ లాగి ఉంచకూడదు. ఆ గాలి ఫిల్టర్ గుండా పోదు, ఎర్రమట్టి నేరుగా సిలిండర్లలోకి వెళ్తుంది. ఇక వేగం కొలిచే పిటో గొట్టానికి మూత పెట్టకపోతే కుమ్మరి పురుగు రెండు రోజుల్లో మట్టితో మూసేస్తుంది. టేకాఫ్ పరుగులో వేగం సూది కదలకపోతే వెంటనే ఆపేయాలి.

కొనేముందు

అమ్మేవారి మెకానిక్‌తో తనిఖీ చేయించకండి, ఆ విమానాన్ని ముందెన్నడూ చూడని మనిషి కావాలి. లాగ్‌బుక్‌లు మొదటి రోజు నుంచి ఉండాలి. ‘ఒకటి పోయింది’ అంటే ధర తగ్గించడం కాదు, సాధారణంగా వెనక్కి రావడమే. ప్రొపెల్లర్ నేలకు తగిలిన సంఘటన ఉంటే ఇంజిన్ విప్పి చూశారా అన్నది రాసి ఉండాలి. సిలిండర్లలోకి 80 పౌండ్ల ఒత్తిడితో గాలి ఎక్కిస్తే ఎంత నిలిచిందో, బోరోస్కోప్‌లో (లోపలికి దూర్చే సన్న కెమెరా) ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు ఎలా ఉందో రెండూ చూడాలి. ఒత్తిడి అంకె బాగున్నా వాల్వ్ ఒకవైపు కాలి ఉండొచ్చు.

శిక్షణలో నలిగిన సెస్నాల్లో ముందు చక్రం మీద దబ్బున దించిన గుర్తు ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకు మీద ముడతలుగా మిగులుతుంది. కౌలింగ్ (ఇంజిన్ పై మూత) విప్పి టార్చి వేసి చూడండి. సీటు పట్టాలు, వాటి రంధ్రాలు, పిన్నులు చేతితో తడిమి చూడాలి. అరిగిన పట్టా మీద సీటు టేకాఫ్‌లో వెనక్కి జారుతుంది, పైలట్ పట్టుకోవడానికి యోక్‌నే (విమానం స్టీరింగ్) లాగుతాడు, ముక్కు లేచి విమానం స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు ఎత్తే బలం కోల్పోతాయి. ప్రాణాలు పోయాకే దీని మీద ప్రత్యేక ఆదేశం వచ్చింది. వాన తరువాత ట్యాంకుల అడుగు నుంచి ఇంధనం తీసి నీరుందో చూడాలి; ప్రతిసారీ నీరు వస్తుంటే మూతల రబ్బరు పోయింది. 152లో 1,700 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో మాగ్నెటో మీద తగ్గుదల 125 దాటకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు.

నలుగురు కలిసి కొంటే కాగితం మీద రాసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి: గంటకు ఎంత జమ, ఇంజిన్ నిధి ఏ ఖాతాలో, విద్యార్థి సోలోలో దెబ్బ తగిలితే బీమా ఇవ్వని మొత్తం ఎవరిది, శనివారం పొద్దుటి సమయం ఎవరికి. బీమా పత్రంలో నేర్చుకునే ప్రతి ఒక్కరి పేరూ ఉండాలి. వాటా అమ్ముకుని పోయేవారికి ఎన్ని నెలల్లో ఎంత ఇవ్వాలో కూడా మొదటి రోజే రాసి సంతకాలు చేయండి. బదిలీ మీద ఒకరు ఊరు మారిన రోజున మిగతా ముగ్గురి దగ్గర నగదు ఉండకపోవచ్చు.